డబ్బు తల్లికిచ్చారు, పెత్తనం మాత్రం సర్కారే ఉంచుకుంది

అందరికీ నమస్కారం అండి. ఎక్కువ టైం తీసుకోను, నేరుగా విషయంలోకి వచ్చేస్తా. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, ఇక్కడున్న అమ్మల్లో చాలామందికి పడే ఉంటాయి, పిల్లకి 15,000 అని 2,000 బడి నిర్వహణకి పట్టుకుని 13,000 ఖాతాలో వేశారు. అంతకుముందు 2020 జనవరి నుంచి అమ్మ ఒడి, అదీ 15,000తోనే మొదలై మరుగుదొడ్ల పేరుతో ఒక వెయ్యి, తర్వాత నిర్వహణ పేరుతో ఇంకో వెయ్యి కోత పడింది. అప్పుడు ఇంటికి ఒక్క పిల్లకే, ఇప్పుడు ఎంతమంది చదివితే అంతమందికి. పార్టీ మారింది, పేరు మారింది, లోపలి పద్ధతి మాత్రం దాదాపు అదే. నేను ఏ పార్టీ తరఫునా రాలేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

ఈ రెండు పథకాల్లోనూ మనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. పిల్ల గవర్నమెంటు బళ్ళో చదివినా ప్రైవేటు బళ్ళో చదివినా తల్లికి డబ్బు వస్తుంది. ఇది చిన్న విషయం కాదండి. అమెరికాలో దీని కోసం దశాబ్దాలు కొట్టుకున్నారు, 1990లో మిల్వాకీ అనే ఊళ్ళో పేద పిల్లల కోసం మొట్టమొదట తెచ్చినప్పుడు దాన్ని ముందుండి నడిపింది పాలీ విలియమ్స్ అని ఒక నల్లజాతి మహిళా శాసనసభ్యురాలు, ఆవిడది డెమోక్రాటిక్ పార్టీ, సొంత పార్టీలో చాలామందిని ఎదిరించి సాధించింది. మన దగ్గర పెద్ద చర్చ లేకుండానే వచ్చేసింది. కానీ డబ్బు మాత్రమే వచ్చింది, నిర్ణయం రాలేదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ నిర్ణయం గురించే.

లిబర్టేరియన్లు అంటే ప్రభుత్వం చేతిలో అధికారం ఎంత తక్కువుంటే మనిషికి అంత మంచిదని నమ్మేవాళ్ళు, నేనూ ఆ వైపు మనిషినే. మమ్మల్ని చూడగానే అందరూ అనేది ఒకటే, వీళ్ళు పేదోడికి చదువు వద్దంటారు అని. అది నిజం కాదండి. ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే చెప్పాడు, పిల్లలకి చదువు చెప్పించి తీరాలని తల్లిదండ్రుల మీద ప్రభుత్వం ఒత్తిడి పెట్టొచ్చు, లేనివాళ్ళ ఫీజు కట్టొచ్చు, పరీక్షలూ పెట్టొచ్చు, కానీ దేశంలో పిల్లలందరి చదువూ తన చేతుల్లోకి తీసుకోకూడదు అని. ఎందుకంటే అలా తీసుకున్న రోజున పిల్లలందర్నీ ఒకే అచ్చులో పోస్తారు, ఆ అచ్చు కూడా అప్పుడు గద్దె మీద ఎవడుంటే వాడికి నచ్చినట్టు ఉంటుంది. తర్వాత 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఇంకాస్త వివరంగా విడదీశాడు, చదువుకి డబ్బివ్వడం ఒక పని, బడి నడపడం ఇంకో పని, మొదటిది ప్రభుత్వం చేసినంత మాత్రాన రెండోది కూడా తనే చెయ్యాలని ఎక్కడా లేదు అని. మనకి ఇది కొత్తేం కాదు, ఆరోగ్యశ్రీ 2007లో వచ్చినప్పుడు జరిగింది ఇదే కదా, ఆపరేషన్‌కి డబ్బు ప్రభుత్వానిది, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో తేల్చుకునేది రోగి.

ఇప్పుడు పెత్తనం సంగతికొద్దాం. 2019 జూన్‌లో మన రాష్ట్రంలో ఒక పల్లెటూరి పిల్ల గవర్నమెంటు బళ్ళో ఒకటో తరగతిలో చేరిందనుకోండి, తెలుగు మీడియంలో. నవంబరులో జీవో 81 వచ్చింది, ఇక ఇంగ్లీషు మీడియమే అని. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత వాలంటీర్లని ఇళ్ళకి పంపి తల్లిదండ్రుల్ని అడిగించి 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం చెప్పింది. రెండో తరగతికొచ్చేసరికి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే రెండు భాషల పుస్తకం చేతికొచ్చింది. 2022లో నాలుగో తరగతికి రాగానే జీవో 117, మూడు నాలుగు అయిదు తరగతుల్ని హైస్కూల్లో కలపాలని, ఆ పిల్ల ఊళ్ళో బడి వదిలి రోడ్డు దాటి హైస్కూలుకి నడవాల్సొచ్చింది. ఈ లోపు వెయ్యి గవర్నమెంటు బడుల్ని సీబీఎస్ఈకి మార్చారు, 2024 జనవరిలో ఐబీ అనే అంతర్జాతీయ సిలబస్ తెస్తామని ఒప్పందం చేసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, ఆ వెయ్యి బడులూ మళ్ళీ స్టేట్ బోర్డుకి, ఐబీ మాట ఆగిపోయింది, 2025లో 117 రద్దయి బడులు తొమ్మిది రకాలయ్యాయి. అప్పటికి ఆ పిల్ల ఏడో తరగతికొచ్చింది. ఇన్ని మార్పుల్లో ఆ పిల్ల తల్లిని అడిగింది ఒకే ఒక్కసారి, అది కూడా కోర్టులో ఓడిపోయాక అడిగారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన మిత్రుల్లో తెలుగు మీడియం వాదులున్నారు, ఇంగ్లీషు మీడియం వాదులున్నారు, ఇద్దరూ నన్ను వాళ్ళ వైపు లాగుతుంటారు. నూటికి 96 మంది ఇంగ్లీషు కావాలంటే వాళ్ళకి ఇచ్చి తీరాల్సిందే, ఊరి పేదోడి బిడ్డ తెలుగులోనే చదవాలని, ఎక్కడో కూర్చుని తన పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకున్నవాడు తీర్మానించడానికి హక్కు లేదు. అలాగే మిగతా నలుగురున్నారు కదా, ఆ నలుగురి బిడ్డలకీ తెలుగు బడి ఉండాలి. టీవీల్లో రాత్రింబగళ్ళు కొట్టుకున్న రెండు పక్షాలూ అడిగింది ఏంటో గమనించండి, రాష్ట్రమంతటికీ ఒకే జీవో ఉండాలి, అది మాకు నచ్చిన జీవో అయ్యుండాలి. జీవో ఎందుకుండాలి అని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. తెలంగాణలో 2024లో ఏమైందో గుర్తుందా, బడులు తెరిచిన వెంటనే పంచిన తెలుగు పుస్తకాల్ని ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరుందని వెనక్కి తీసుకోమన్నారు. పిల్లల చేతిలోంచి పుస్తకం ఎందుకు వెనక్కెళ్ళిందో ఏ టీచరైనా ఆ పిల్లలకి ఏమని చెప్పగలడు?

సరే, ఇది గవర్నమెంటు బడి సంగతి, ప్రైవేటు బళ్ళో పెత్తనం లేదనుకుంటున్నారేమో. నాకు బాగా తెలిసిన ఒక మేడం చిన్న టౌన్లో అద్దె ఇంట్లో అయిదో తరగతి దాకా బడి నడుపుతుంది, ఆటో డ్రైవర్ల పిల్లలు, టిఫిన్ బండ్లవాళ్ళ పిల్లలు చదువుతారు, ఫీజు నెలనెలా కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. రికగ్నిషన్ రెన్యువల్ ఫైలు నేను చేతిలోకి తీసుకుని ఒక్కో కాయితం తిప్పి చూశా. సొసైటీ రిజిస్ట్రేషన్, రిజిస్టర్డ్ లీజు డీడు, ఇంజినీరిచ్చిన సౌండ్‌నెస్ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌ఓసీ, శానిటరీ సర్టిఫికెట్, కార్పస్ ఫండు ఎఫ్‌డీ జిరాక్సు, టీచర్ల డిగ్రీలు, ఆటస్థలం ప్లాను. ఆటస్థలం స్కెచ్చులో కొలతలు సరిగా లేవని ఒకసారి వెనక్కొచ్చింది, అద్దె ఇంటాయన రిజిస్టర్డ్ లీజుకి ఒప్పుకోడని ఇంకోసారి ఆగింది, ప్రతిసారీ ఆవిడ క్లాసు వదిలేసి ఆఫీసు వరండాలో నిలబడాలి. అంత లావు ఫైల్లో ఎక్కడా లేని కాయితం ఒకటుంది, ఆ బళ్ళో మూడో తరగతి పిల్ల ఒక పేరా తడుముకోకుండా చదవగలదా లేదా అన్నది.

2009 విద్యా హక్కు చట్టం మొత్తం దాదాపు ఇదే ధోరణి. గదులెన్ని, టీచర్లెందరు, సంవత్సరానికి పనిదినాలు అయిదో తరగతి దాకా 200, ఆపైన 220, లైబ్రరీ, ప్రహరీ గోడ, అన్నీ ఉన్నాయి. సెక్షన్ 18 చూడండి, గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకి 10,000. ఆ సెక్షన్ మొదటి వాక్యంలోనే ప్రభుత్వ బడులకి మినహాయింపు, వాటికి గుర్తింపు సర్టిఫికెట్టే అక్కర్లేదు. మరుగుదొడ్డి లేని ప్రైవేటు బడికి తాళం పడుద్ది, మరుగుదొడ్డి లేని సర్కారు బడికి వచ్చే బడ్జెట్లో చూద్దాం అంటారు. ప్రాణాలకి సంబంధించిన రూల్సు ఉండొద్దని నేను అనడం లేదు, 2004లో కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పసివాళ్ళు కాలిపోయారు, అది చదివిన రోజు అన్నం దిగలేదు. మంటల నుంచి బయటపడే దారి, గట్టి గోడ, మంచి నీళ్ళు, వీటి మీద ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఆటస్థలం కొలతకీ ప్రాణానికీ మాత్రం తేడా ఉంది.

పాత ఉమ్మడి రాష్ట్రం నాటి జీవో 1 ఉంది, 1994 జనవరి 1న ఇచ్చింది. దాంట్లో ప్రైవేటు బడికి వచ్చే ఫీజులో సగం జీతాలకి, 15 శాతం సిబ్బంది గ్రాట్యుటీ పీఎఫ్ లాంటివాటికి, 15 శాతం నిర్వహణకి, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి అని రాశారు. ఊళ్ళో బడి ఖర్చు ఏ పద్దులో ఎంతవ్వాలో హైదరాబాదులో కూర్చుని శాతాలు వేశారు. 2021 ఆగస్టులో జీవో 53 ఇంకాస్త ముందుకెళ్ళి పంచాయతీలో అయిదో తరగతి దాకా 10,000, మున్సిపాలిటీలో 11,000, కార్పొరేషన్లో 12,000 అని రాష్ట్రం మొత్తానికీ ఫీజు కట్టేసింది, ఆ డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది అనుకోండి. ఇలాంటి రూల్స్ వల్ల ఎవరు నలుగుతారో ఎప్పుడైనా చూశారా? పెద్ద పెద్ద కార్పొరేట్ బడులకి లాయర్లుంటారు, లైజనింగుకి మనుషులుంటారు, వాళ్ళు నిశ్చింతగా ఉంటారు. మూతపడేది ఆ మేడం బడి. రూలు ఎంత పెరిగితే చిన్నోడు అంత త్వరగా పోతాడు, ఆ పిల్లలూ పెద్దోడి దగ్గరికే చేరతారు, అప్పుడు కార్పొరేట్ దోపిడీ అని మనమే ధర్నా చేస్తాం.

అసలు బడి అంటే సర్కారు అనుమతితో పుట్టేదనే ఆలోచన మన నేలకి చాలా కొత్తది. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో అన్ని జిల్లాల కలెక్టర్లనీ మీ దగ్గర బడులెన్ని అని అడిగాడు. 1826లో లెక్క తేలింది, ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, లక్షా 88 వేల పైచిలుకు పిల్లలు, మన రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు, నెల్లూరు, కడప జిల్లాలు అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. ఎక్కువ బడులు తల్లిదండ్రులు పంతులుకిచ్చే డబ్బుతోనే నడిచేవి. అది స్వర్ణయుగం అని నేను అనను, అనేవాళ్ళతో నాకు తగువే. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు 60 మంది. అరవై! దళితుల పిల్లల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఫీజు కట్టలేక ఆగినవాళ్ళు కొందరైతే కులం పేరుతో గడప తొక్కనివ్వనివాళ్ళు ఎందరో, ఆ రెండో అన్యాయాన్ని మార్కెట్టు తనంతట తాను సరిచెయ్యలేదు, అక్కడ చట్టం కావాల్సొచ్చింది, ఈ విషయంలో మా లిబర్టేరియన్ మిత్రులు కొందరు మాట దాటేస్తుంటారు, దాటెయ్యకూడదు. తర్వాతి కాలంలో 1910లో మచిలీపట్నంలో జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య సర్కారు చదువు వద్దనే పెట్టారు, 1930ల్లో ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతులకోసం విద్యాలయం పెట్టాడు, ఆ రంగా గారే 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడై, ప్రతి పనికీ సర్కారు అనుమతి కావాలనే పర్మిట్ రాజ్యం మీద పోరాడాడు. ఆ రోజు తెల్లవాడి పెత్తనం తప్పయితే ఈ రోజు మనవాడి పెత్తనం ఒప్పు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మరి తల్లి చేతికి నిజంగా నిర్ణయం ఇస్తే ఏమవుద్ది? దీనికి జవాబు వెతకడానికి వేరే దేశం పోనక్కర్లేదు, మన రాష్ట్రంలోనే చేశారు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో అయిదు జిల్లాల్లో 180 ఊళ్ళలో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లాటరీ తీసి గవర్నమెంటు బడి పిల్లల్లో కొందరికి ప్రైవేటు బళ్ళో చదవడానికి ఓచర్లిచ్చారు, ఓచరంటే బడి ఫీజుకి చెల్లే చీటీ, నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెట్టారు. తెలుగులో లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఈ ఫలితం చూపించి ప్రైవేటులో కూడా ఏం లేదని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. కానీ ఆ ప్రైవేటు బడి ఒక పిల్ల మీద పెట్టే ఖర్చు గవర్నమెంటు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు, తెలుగుకీ లెక్కలకీ వాళ్ళు కేటాయించిన టైమూ తక్కువే, ఆ మిగిలిన టైములో వేరే సబ్జెక్టులు చెప్పారు. ప్రైవేటు బళ్ళో మంత్రదండం ఉందని నేనెప్పుడూ అనలేదు. మూడో వంతు డబ్బుతో అదే చదువు వస్తుంటే మిగతా డబ్బు ఎటు పోతోందని అడుగుతున్నా.

(సభలోంచి ఒక లెక్చరర్ గారు: ఇంజినీరింగుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చారు కదా, అదీ మీరు చెప్పే ఓచరే కదా, ఏం బాగుపడింది?)

మంచి ప్రశ్న సార్, ఇది తప్పించుకునేది కాదు. ఆ పథకం వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఒక దశలో 700 దాటాయి, ల్యాబు లేని కాలేజీలూ వచ్చాయి, నిజమే. పేదింటి నుంచి మొదటిసారి ఇంజినీరైన పిల్లలు లక్షల్లో ఉన్నారు, అదీ నిజమే. కానీ అక్కడ ఫీజు తేల్చింది ప్రభుత్వ కమిటీ, సీటిచ్చింది కన్వీనరు, డబ్బు వెళ్ళింది కాలేజీ ఖాతాకి, విద్యార్థి చేతికి రాలేదు. ఏళ్ళ తరబడి బకాయిలు పడితే కాలేజీ వాడు ప్రభుత్వాన్ని ఏమీ అనలేక పిల్లాడి సర్టిఫికెట్లు పట్టుకున్నాడు. చదువు బాగోలేదని నా డబ్బు తీసుకుని ఇంకో చోటికి పోతా అనే మాట ఆ పిల్లాడు అనగలిగాడా? తర్వాత తల్లి ఖాతాలో వేద్దామని చూస్తే కాలేజీలే కోర్టుకెళ్ళాయి. డబ్బు మీ చేతిలోంచి వెళ్ళకపోతే కాలేజీ వాడు మీ మొహం చూడడు సార్, సెక్రటేరియట్ వైపు చూస్తాడు.

దీంట్లోనే ఇంకో ప్రమాదం ఉంది, మాలో మాకే దీని మీద పెద్ద తగువు. ప్రభుత్వం డబ్బు తీసుకుంటే షరతులూ వెంటే వస్తాయి, అందుకే ఓచర్ కూడా వద్దనేవాళ్ళు మాలో ఉన్నారు. 2021లో ఎయిడెడ్ బడులకి జరిగింది చూస్తే వాళ్ళ భయం ఉత్తిది కాదనిపిస్తుంది. దాతలు స్థలాలిచ్చి కట్టిన బడులు, వందేళ్ళ చరిత్ర ఉన్నవి, జీతాల గ్రాంటు తీసుకున్నందుకు ఒక రోజున ఆస్తులతో సహా మాకప్పగించండి లేదంటే టీచర్లని మాకిచ్చేసి సొంతంగా నడుపుకోండి అన్నారు. విజయవాడ, విశాఖల్లో తల్లిదండ్రులు పిల్లల్ని పట్టుకుని రోడ్డెక్కాక మళ్ళీ ఆప్షన్లు మార్చారు. అందుకే నేననేది, ఇచ్చే గ్రాంటు బడికి కాదు తల్లికి ఇవ్వండి, తల్లికిచ్చిన డబ్బు అడ్డం పెట్టుకుని బడి మెడ మీద కూర్చోకూడదని చట్టంలోనే రాయండి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో 1922లో ఏకంగా ఓటింగ్ పెట్టి పిల్లలందరూ ప్రభుత్వ బడికే పోవాలని చట్టం చేశారు, వెనకుండి తోసినవాళ్ళలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా కూడా ఉంది, క్యాథలిక్ బడుల్ని మూయించాలని. 1925లో సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఒక్క మాట మీద దాన్ని కొట్టేశారు, పిల్లలు ప్రభుత్వం సొత్తు కాదన్నారు. మెజారిటీ ఓటేసినంత మాత్రాన పక్కవాడి బిడ్డ మీద హక్కు రాదు.

(ఒక మహిళ: మా ఏజెన్సీలో ప్రైవేటు బడే రాదండి, అక్కడ తల్లికి డబ్బిస్తే ఏం చేసుకోవాలి?)

నిజమేనమ్మా, పాతిక ఇళ్ళున్న గూడెంలో పోటీ అనే మాటకి అర్థం లేదు. అక్కడ ప్రభుత్వ బడి ఉండాలి, ఉన్నది మూసెయ్యకూడదు, జీవో 117 లాంటివి ముందు దెబ్బ కొట్టేది అలాంటి చోట్లే. కానీ ఆ బడి ఎవరి మాట వినాలి అన్నది అక్కడ కూడా ప్రశ్నే. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, ఎన్నికలు కూడా పెడతారు. ఎన్నికైన ఆ తల్లికి మాత్రం టీచరు రావట్లేదని తెలిసినా ఒక అర్జీ రాయడం తప్ప ఇంకేం చేసే అధికారం లేదు. 2003లో దేశమంతా చెప్పకుండా బడులకెళ్ళి చూసినప్పుడు నలుగురు టీచర్లలో ఒకరు బళ్ళో లేరు. గూడెంలో వాళ్ళ భాష వచ్చిన టీచర్ని ఎంచుకునే హక్కు, రాని టీచరు జీతం ఆపే హక్కు ఆ కమిటీకిచ్చి చూడండి.

(ఒక ఉపాధ్యాయుడు: అంటే మా ఉద్యోగాలు తీసెయ్యమంటున్నారా?)

లేదు మాస్టారూ, మీ మీద నాకు కోపం ఉంటే ఇక్కడికి వచ్చేవాణ్ణే కాదు. ఈ పెత్తనం కింద అందరికంటే ఎక్కువ నలిగింది మీరే. మొన్నటిదాకా పొద్దున్నే బడికెళ్ళగానే పాఠం మొదలుపెట్టేవాళ్ళా, మరుగుదొడ్ల ఫొటో తీసి యాప్‌లో పెట్టేవాళ్ళా? తర్వాత భోజనం ఫొటో, కోడిగుడ్ల లెక్క, అటెండెన్సు, నెట్ రాకపోతే మేడెక్కి ఫోను పైకి పట్టుకుని నిలబడటం. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో మద్యం షాపులు తెరిచినప్పుడు క్యూలు చూసుకోమని విశాఖ వైపు టీచర్లకి డ్యూటీలేశారు, చదువు చెప్పే మనిషిని బ్రాందీ షాపు ముందు నిలబెట్టారు, మీలో ఎవరైనా కుదరదని చెప్పగలిగారా? చెప్పలేరు, ఎందుకంటే మీకు ఇంకో యజమాని లేడు. నేనడిగేది మీ బడి మీ చేతికి రావాలని, నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక సర్కారు బడిని తీసుకుని, సిలబస్ ఎలా చెప్పాలో వాళ్ళే నిర్ణయించుకుని, పిల్లతో పాటు వచ్చే డబ్బుతో నడుపుకునే వీలుండాలని. బాగా చెప్పే మాస్టారు ఎవరో ఊళ్ళో తల్లులకి తెలుసు, ఎంఈఓ గారికంటే బాగా తెలుసు. వాళ్ళ మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఈ నెలలో మీ బడి కమిటీ మీటింగుకెళ్ళి, ఈ అధికారాలు కమిటీకి కావాలని తీర్మానం రాసి డీఈఓ ఆఫీసుకి పంపండి, కాపీ నాకివ్వండి, మీతో పాటు నేనూ వస్తా.